బోడి బోర్డు

లూకా పడ్డది సోమవారం పొద్దున్న ఏడింటికి, నలుగురూ చూస్తుండగా. మోకాలు చెక్కుకుపోయిన బాధ కంటే ఆ నలుగురూ చూసిన బాధే అతనికి ఎక్కువైంది.

వెనకాల నడుస్తున్న సుజాతమ్మ చేతిలో అతని నడుముకు కట్టిన బెల్టు ఉండనే ఉంది. పాత దుప్పటిని నాలుగు మడతలేసి, వీపు వైపు పిడి వచ్చేలా తనే కుట్టింది. ఆ పిడి పట్టుకుని మొగుడికి కుడి పక్కన, ఒక అడుగు వెనకగా నడవాలని ఆస్పత్రిలో నడక నేర్పే అమ్మాయి చెప్పింది. సుజాతమ్మ అలాగే నడిచింది. కానీ తారు లేచిపోయి కంకర తేలిన రోడ్డది. వెనక నుంచి ఎవరో స్కూటీ హారన్ కొట్టేసరికి లూకా ఉలిక్కిపడ్డాడు. కుడి బూటు ముక్కు రాయికి తగిలింది. బెల్టుతో పాటు ఆమెనూ లాక్కుంటూ ముందుకు తూలాడు. స్కూటీ ఆగలేదు. దాని మీదున్న ఇద్దరూ కూడా పార్కుకే వెళ్తున్నారు, కాళ్ళకు తెల్లటి కొత్త బూట్లున్నాయి.

నవ్వొస్తే నవ్వండి గానీ, లూకా ఆ రోడ్డున నడుస్తున్నది నడక నేర్చుకోవడానికే. పక్షవాతం వచ్చి అప్పటికి ఏడు వారాలు. మొదటి మూడు నెలల్లో తిరిగొచ్చిన నడకే నడక, ఆ తర్వాత మన చేతుల్లో లేదు అని డాక్టరు ఖండితంగా చెప్పేశాడు. రోజూ గంటసేపు చదునైన నేల మీద, పట్టుకోవడానికి కమ్మీ ఉన్నచోట నడిపించమన్నాడు. న్యూ సెటిల్‌మెంట్ అంచున వాళ్ళుండే సందులో చదునైన నేల ఎక్కడేడ్చింది? ఇటు మురిక్కాలువ, అటు నీళ్ళ డ్రమ్ములు, మధ్యలో విరిగిన పలకలు. డాక్టరు చెప్పినటువంటి నేల ఉన్నది ఒక్క పార్కులోనే. అక్కడ చెరువు చుట్టూ సిమెంటు బాట, బాట పొడుగునా నడుమెత్తు ఇనప కమ్మీ. ప్రవేశం ఉచితమని గేటు మీద రాసి కూడా ఉంది. ఉచితమే, కాదనం. అక్కడికి చేరేదెలా?

రైల్వే పనికి తెలుగువాళ్ళు వచ్చి స్థిరపడ్డ ఆ బెంగాలీ ఊళ్ళో బ్యాటరీ రిక్షాను టోటో అంటారు. న్యూ సెటిల్‌మెంట్ స్టాండులో ఎక్కితే టోటో మూడు రోడ్ల మలుపు దాకా తీసుకెళ్ళి దింపేస్తుంది. మలుపులో ఒక బోర్డుంది. ఆ బోర్డు దాటి ఆ స్టాండు బండి ఒక్క చక్రం కదలదు. అక్కణ్ణుంచి పార్కు గేటు ముప్పావు కిలోమీటరు. అంటే నడక నేర్చుకునే చోటికి వెళ్ళాలంటే ముందు నడక వచ్చి ఉండాలన్నమాట. ఈత వచ్చాకే నీళ్ళలో దిగమన్నట్టుంది వ్యవహారం.

వాళ్ళను దింపిన సిరిల్ మలుపులోంచి చూసి పరిగెత్తుకొచ్చాడు. బండిని మాత్రం బోర్డు దగ్గరే వదిలేసి వచ్చాడు.

"బండి ఇటు తేరా సిరిలూ," అంది సుజాతమ్మ, లూకా తల ఒళ్ళో పెట్టుకుని. "మోసుకెళ్ళలేను."

"తేకూడదు పిన్నీ. బోర్డు ఉంది కదేటి."

"మనిసి పడిపోనాడు కదరా."

"పడిపోనాడనే గదా పరిగెట్టుకొచ్చినాను. నాను రావొచ్చు. బండి రాకూడదు."

సిరిల్ చెడ్డవాడేం కాదు. లూకాను రెండు చంకల కిందా చేతులేసి లేపాడు, బూటు సరిచేశాడు, మోకాలికి తన రుమాలు కట్టాడు. ఆ తర్వాత ఇద్దరూ చెరో వైపు పట్టుకుని, మూడు వందల అడుగులు వెనక్కి నడిపించి, బోర్డు పక్కనే బుద్ధిగా నిలబడి ఉన్న బండిలో కూర్చోబెట్టారు. దారిలో లూకా ఒక్క మాట మాట్లాడలేదు. అతనికి మాటలూ సరిగ్గా రావడం లేదనుకోండి. నీళ్ళు కావాలంటే ఉప్పు అంటున్నాడు, గొడుగు చూపించి గంట అంటున్నాడు. ఆ రోజు అది కూడా అనలేదు.

మర్నాడు లూకా మంచం దిగనన్నాడు. బూట్లు తెచ్చి ముందు పెడితే కాలితో తోసేశాడు, అదీ మంచి కాలితో. సుజాతమ్మ కాసేపు బతిమాలింది, కాసేపు కసిరింది, చివరికి టైమైపోతోందని స్కూలుకు బయల్దేరింది. ఆమె, తబిత అనే ఇంకొకావిడ కలిసి ఆ స్కూల్లో నూటపాతిక మంది పిల్లలకు మధ్యాహ్నం భోజనం వండుతారు. పప్పు పొంగు తీస్తూ, బంగాళాదుంపలు తరుగుతూ ఆమె మనసులో వారాలు లెక్కపెట్టుకుంది. ఏడు పోయాయి. మిగిలినవి ఐదు. మనిషి ఇలా గోడవైపు తిరిగి పడుకుంటే ఆ ఐదూ ఎగిరిపోతాయి, ఆ తర్వాత ఆ మంచమే అతని లోకం. ఆ ఆలోచనకు చేతిలో కత్తి ఆగిపోయింది.

"రేపు నాను రాను తబితా," అంది. "ఆఫీసుకెల్లాల. నువ్వు ఒక్కదానివీ నెగ్గుకొస్తావా?"

"గుడ్లు పెట్టే రోజు కదక్కా, ఉడకబెట్టి పడేస్తాను. ఎల్లు," అంది తబిత. "ఏటి ఆఫీసు?"

"బోర్డు ఆఫీసు."

అలాంటి ఆఫీసేదీ లేదని సుజాతమ్మకూ తెలుసు. అయినా ఆ సాయంత్రం పక్క సందులోని రామనాథం గారింటికి వెళ్ళింది. ఆయన రైల్వేలో హెడ్ క్లర్కు చేసి రిటైరైన మనిషి. కాగితం లేనిదే దగ్గు కూడా దగ్గడని ఆయన భార్యే అంటుంది. ఎనిమిది నెలల్లో ఆయన మునిసిపాలిటీకి మూడు అర్జీలు పెట్టాడు. న్యూ సెటిల్‌మెంట్ వాసుల సౌకర్యార్థం మలుపు నుంచి పార్కు వరకు టోటోలు వెళ్ళుటకు అనుమతి దయచేయగలరని ప్రార్థన. మూడింటికీ జవాబు లేదు.

"ఆఫీసన్నాక ఆలస్యం అవుతుందమ్మా," అన్నాడు నకళ్ళు తీసిస్తూ. "నాలుగోది కూడా తయారుగా ఉంది. ఏదైనా సరే, రాతమూలకంగా ఇమ్మను. నోటిమాట పనికిరాదు."

బుధవారం మునిసిపల్ ఆఫీసులో సుజాతమ్మ మూడు కిటికీలు తిరిగి, నాలుగో కిటికీ దగ్గర ఒక బెంగాలీ గుమాస్తా ముందు కూర్చుంది. నలభై ఏళ్ళావిడ, కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని మూడు అర్జీలూ ఓపిగ్గా చదివింది. చదివి మళ్ళీ మొదటిది తీసింది. ఇద్దరూ బెంగాలీలోనే మాట్లాడుకున్నారు.

"అనుమతి దేనికి?"

"టోటో పార్కు దాకా వెళ్ళడానికి దీదీ."

"వెళ్ళొద్దని ఎవరన్నారు?"

"బోర్డు ఉంది."

"దాని మీద ఏం రాసుంది?"

సుజాతమ్మ బోర్డును కళ్ళ ముందుకు తెచ్చుకుంది. ఆ బోర్డును ఆమె వందసార్లు చూసింది. రెండు కర్రల మీద తుప్పు పట్టిన రేకు. ఒక మూల అరచేయంత ఎర్ర రంగు. అంతే. "ఏమీ లేదు," అంది చివరికి. "చెరిగిపోయింది."

గుమాస్తా లేచి వెళ్ళి ఒక రిజిస్టరు తెచ్చింది, వేలితో రెండు పేజీలు దిగింది. "ఆ రోడ్డు మీద మేం పెట్టిన బోర్డేదీ లేదు. నాలుగేళ్ళ కింద పైపులు వేశారు. అప్పుడు కాంట్రాక్టరు ఏదో పాతి, పీకడం మర్చిపోయుంటాడు. మీరు ఎప్పుడైనా వెళ్ళొచ్చు. మొదట్నుంచీ వెళ్ళొచ్చు."

"మరి ఈ అర్జీలకు జవాబు..."

"ఏమని రాయను మాషీ? లేని నిషేధానికి అనుమతి ఏ ఫైల్లో ఇవ్వను? ఇవాళ మీకు రాసిస్తే రేపు ఇంకొకరొచ్చి, మా వీధిలో నడవొచ్చని కాగితం ఇవ్వండంటారు." మాషీ అంటే వాళ్ళ భాషలో పిన్ని.

"ఆ బోర్డైనా తీయించండి."

"మేం పెట్టనిది మేమెలా తీస్తాం?"

మాట చూడబోతే న్యాయంగానే ఉంది. న్యాయంగా ఉన్న మాటతో ఏం చేసుకోవాలో తెలియక సుజాతమ్మ మూడు కాగితాలూ మడిచి సంచిలో పెట్టుకుంది. తిరుగుదారిలో మలుపు దగ్గర దిగి, బోర్డు ఎదురుగా నిలబడింది. కొంగుతో రేకు తుడిచి చూసింది. కొంగుకు తుప్పంటింది, అక్షరం ముక్క లేదు.

అప్పుడే అవతలి పేట ఝపటాపూర్ వైపు నుంచి ఒక టోటో వచ్చింది. లోపల ఆరుగురు, వాళ్ళలో ఒక ముసలావిడ, ఒడిలో పసిపాప. వేగం కూడా తగ్గించకుండా బోర్డు పక్క నుంచి పార్కు వైపు వెళ్ళిపోయింది. సుజాతమ్మ అక్కడే నిలబడింది. పావుగంటకు అది ఖాళీగా తిరిగొచ్చింది. చెయ్యెత్తి ఆపింది.

"దాదా, నువ్వు బోర్డు దాటి వెళ్ళావు."

"ఏ బోర్డు?" అన్నాడు ఆ బెంగాలీ డ్రైవరు. ఆమె చూపిస్తే వంగి చూశాడు. "ఓ, ఇదా. రెండేళ్ళ నుంచి తిరుగుతున్నాను, ఎప్పుడూ చూడలేదు. దీని మీద ఏమీ లేదు కదా మాషీ. ఏమీ లేదంటే పొమ్మనే కదా."

సుజాతమ్మకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో మాత్రం తెలియలేదు. రెండేళ్ళుగా అవతలి పేటవాళ్ళు ముసలీ ముతకా సహా గేటు ముందు దిగుతున్నారు, ఈ పేటవాళ్ళు రేకు ముక్కకు దణ్ణం పెట్టి ఆగిపోతున్నారు. తన మొగుడు రోడ్డు మీద పడ్డది దీనికోసమా? తమను రోజూ తీసుకెళ్తావా అని ఆ డ్రైవరును అడిగింది. పొద్దున్న తన బండి ఝపటాపూర్‌లోనే నిండిపోతుందనీ, న్యూ సెటిల్‌మెంట్ స్టాండులోకి తమ బండ్లు రావడం పద్ధతి కాదనీ అన్నాడు. అతనూ అబద్ధం చెప్పలేదు.

సాయంత్రం స్టాండులో ఆమె జరిగింది జరిగినట్టు చెప్పింది. సిరిల్, గిరిబాబు, ఇంకో నలుగురు చుట్టూ చేరారు. విన్నారు. తలలు అడ్డంగా ఊపారు.

"ఏటీ నేదంటే పొమ్మని కాదు పిన్నీ," అన్నాడు సిరిల్. "ఆగమని."

"ఎవులు సెప్పినారు?"

"మా నాన్న ముప్పయ్యేళ్ళు రైలు బండి తోలినాడు. సిగ్నల్లో దీపం ఎలగకపోతే ఏటనుకోవాల? ఎర్రదీపమే అనుకోవాల. అది రూలు."

రైల్వేలో అది నిజంగా రూలే, మంచి రూలే. దీపం ఆరిన సిగ్నల్ కనిపిస్తే అది ఆగమంటున్నట్టే లెక్క. ఆ స్టాండులో ఉన్న పదకొండు బండ్లవాళ్ళూ డ్రైవర్ల కొడుకులు, గార్డుల అల్లుళ్ళు, పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ల మేనల్లుళ్ళు. ఆ రూలును ఉగ్గుపాలతో తాగినవాళ్ళు. బోసిపోయిన బోర్డు కనపడగానే వాళ్ళ కాళ్ళు వాటంతటవే బ్రేకు మీదకి పోతాయి. బెంగాలీ డ్రైవరుకు ఆ జబ్బు లేదు.

"డేంజర్లో ఎర్రగా ఉన్న సిగ్నల్ దాటాలంటే టేసన్ మాస్టరు కాగితం ఉండాల," అన్నాడు గిరిబాబు. "కాగితం తెచ్చినావేటి?"

"నేదు. ఇవ్వరట."

"మరదే. కాగితం నేకుండా దాటితే ఉజ్జోగం పోద్ది."

"నీకు ఉజ్జోగం ఎక్కడిదిరా గిరీ?"

అందరూ నవ్వారు, గిరిబాబు కూడా నవ్వాడు. కానీ ఎవడూ బండి తీయలేదు. సిరిల్ చిన్నబోయిన మొహంతో, "బండి పట్టుకుపోతే పిల్లల్తో ఏటి తినను పిన్నీ?" అన్నాడు. సుజాతమ్మ సంచి భుజానికి తగిలించుకుంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదని ఊరికే అన్నారా అనుకుంటూ ఇంటికొచ్చింది.

లూకాకు అన్నం కలిపి పెడుతూ అంతా చెప్పింది. అతనూ పాయింట్స్‌మన్‌గా ముప్పయ్యారేళ్ళు చేసినవాడే. గుమాస్తా మాట దగ్గర నమలడం ఆపాడు. సిరిల్ మాట దగ్గర కళ్ళు మూసుకున్నాడు. అంతా అయ్యాక, "ఆటో," అన్నాడు.

"ఆటోలు మన సందులోకి రావు కదయ్యా. గోల్‌బజార్ నుంచి రిజర్వు సేసుకోవాల. రోజూ ఎక్కడి నుంచి తేను?"

"కా...దు. ఆటో. ఆటో..." తర్వాతి మాట కోసం పెదాలు వెతుక్కున్నాయి, దొరకలేదు. ఎడమచేతి వేలు ఒకటి ఎత్తి చూపించాడు.

"ఒక్కటైనా రాదయ్యా."

గురువారం పొద్దున్న కూడా అదే పాట. ఆటో, ఒక వేలు. బడికి టైమైపోతోంది, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. "ఒక్క ఆటో గాదు, అర ఆటో కూడా రాదు. ఊరుకో ఇంక," అని కసిరింది. లూకా మొహం గోడవైపు తిప్పుకున్నాడు. దారంతా ఆమె మనసు పీకుతూనే ఉంది. మాట రాని మనిషి మీద నోరు చేసుకున్నానే అని తనను తాను తిట్టుకుంది. మధ్యాహ్నం గంటె కడుగుతూ ఒక నిశ్చయానికొచ్చింది.

శుక్రవారం ఆరున్నరకు బతిమాలో బామాలో లూకాకు బూట్లు తొడిగింది. ముందు కుడి కాలు, మడమ పూర్తిగా దిగేదాకా అరచేత్తో నొక్కి, ఆ తర్వాత లేసులు. సిరిల్ బండి సందు మొగకు వచ్చింది. ఇద్దర్నీ ఎక్కించుకుని, ఎప్పటిలాగే మలుపు దాకా వెళ్ళి, ఎప్పటిలాగే బోర్డు పక్కన ఆపాడు.

"దిగు పిన్నీ. బాబాయ్‌ని నాను పట్టుకుంటాను."

"దిగను," అంది సుజాతమ్మ. సంచి ఒళ్ళో పెట్టుకుని, కడ్డీ గట్టిగా పట్టుకుంది. "పార్కు వచ్చినాక దిగుతాను."

"పిన్నీ..."

"అరిచి గోల సేయను. తిట్టను. నీ బండిలో కూర్చుంటాను, అంతే. సాయంత్రం దాకా అయినా కూర్చుంటాను. నీ బేరాలన్నీ పోతాయి, అది నాకూ బాధే."

సిరిల్ తల పట్టుకున్నాడు. ఆమె కేసి చూశాడు, బోర్డు కేసి చూశాడు. ఎవరూ కదలరు. అప్పుడు లూకా మంచి చేత్తో సిరిల్ వీపు మీద తట్టాడు.

"సిరిల్. ఆటో."

"ఆటో ఏటి బాబాయ్, ఇది టోటో."

"కాదెహె." ఆ విసుగుతో ఏ ముడి ఊడిందో ఏమో, నాలుక కదిలింది. "ఆటో... మే...టిక్."

సుజాతమ్మ తెల్లబోయింది. సిరిల్ గిరుక్కున వెనక్కి తిరిగాడు.

"ఆటోమేటిక్ సిగ్నలా?"

లూకా తలూపాడు. వేలెత్తి బోర్డును చూపించాడు. అటు ఖాళీ రోడ్డు, ఇటు ఖాళీ రోడ్డు. "టేసన్... నేదు. మనిసి... నేడు. కాగితం... ఎవులిస్తారు?" ఒక్కొక్క మాటా బరువైన మూటలా కిందికి దించి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ ఒక వేలు ఎత్తాడు. "ఒక... నిమిసం."

సిరిల్ మొహం చూడాలి అప్పుడు. ఆనందం ఆపుకోలేక నోరు చెవుల దాకా సాగింది. "ఓరి బాబోయ్. అవును కదేటి," అన్నాడు.

సంగతేమిటంటే, కొన్ని లైన్లలో సిగ్నళ్ళు మనిషి చేతిలో ఉండవు, వాటంతటవే పనిచేస్తాయి. అలాంటి ఆటోమేటిక్ సిగ్నల్ ఎర్రగా ఉంటే రైలు ఆపాలి. పగలైతే ఒక నిమిషం, రాత్రయితే రెండు నిమిషాలు. ఆ తర్వాత ఎవరి కాగితమూ అక్కర్లేదు. ఎదర ఏమున్నా ఆపగలిగేంత నెమ్మదిగా, కళ్ళు తెరుచుకుని డ్రైవరే ముందుకు పోవచ్చు. ఇదీ రూలే. సిరిల్ దీన్నీ తండ్రి దగ్గర విన్నాడు, కానీ పెద్ద రూలు నీడలో చిన్న రూలు మర్చిపోయాడు. మంచంలో పడి గోడ చూస్తున్న లూకాకు మాత్రం గుర్తుంది.

సిరిల్ ఫోను తీసి, అంకెలు కదిలే గడియారం పెట్టి, అద్దం ముందు ఆనించాడు. ముగ్గురూ దాన్నే చూస్తూ కూర్చున్నారు. ఇరవై. ముప్పై. ఝపటాపూర్ టోటో ఒకటి పక్కనుంచి దాటిపోయింది, అందులో ఎవరో తల బయటపెట్టి, వీళ్ళ బండి చెడిపోయిందేమోనని జాలిగా చూశారు. నలభై ఐదు. సుజాతమ్మ లూకా చేతి మీద చెయ్యి వేసింది.

"రెండ్రోజుల్నించీ సెప్తున్నావు. నాను ఇనలేదు."

"ఊఁ," అన్నాడు లూకా, చూపు తిప్పకుండా. డ్యూటీలో ఉన్నవాడితో కబుర్లేమిటన్నట్టు.

అరవై. సిరిల్ పొడుగ్గా ఒక హారన్ కొట్టాడు. బండి కదిలింది. మనిషి నడక కంటే నెమ్మదిగా, బోర్డు పక్క నుంచి, బోర్డును దాటి, లూకా పడ్డ కంకర మీదుగా వెళ్ళింది. ఎవరూ ఈల వెయ్యలేదు. ఎవరూ అడ్డం రాలేదు. పార్కు గేటు ముందు కాపలాదారు బీడీ ముట్టించుకుంటూ, బండి కాస్త పక్కకు పెట్టుకో అన్నాడు, అంతే. సుజాతమ్మకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఇంతేనా, ఇంతమాత్రానికేనా అని పదిసార్లు అనుకుంది, అనుకున్న ప్రతిసారీ గుండె కాస్త తేలికపడింది.

ఆ రోజు లూకా కమ్మీ పట్టుకుని నలభై అడుగులు వేశాడు. శనివారం తొంభై.

ఈ వార్త సందుల్లో పాకడానికి ఒక్క పూట పట్టింది. సిరిల్‌కు రూలు దొరికిందనగానే గిరిబాబు బండి తీశాడు, అతని వెనక మిగతావాళ్ళు. బోర్డు దగ్గర ఆగడం మాత్రం ఎవరూ మానలేదు. కచ్చితంగా ఒక నిమిషం, ఆ తర్వాత హారన్, ఆ తర్వాత కదలిక. వీళ్ళు అక్కడ ఏ దేవుడికో మొక్కుకుంటున్నారని ఝపటాపూర్ డ్రైవర్లు అనుకుంటున్నారట. రామనాథం గారు కూడా ఒక పొద్దున్న భార్యతో సహా గేటు ముందు దిగాడు. రాతమూలకంగా వచ్చేదాకా ఇదంతా తాత్కాలికమేనని సిరిల్‌కు చెప్పి, పార్కు నాలుగు వైపులా తిరిగి చూసి, బెంచీల సంఖ్య రాసుకున్నాడు.

తర్వాతి ఆదివారం చర్చి నుంచి వాళ్ళు తిన్నగా పార్కుకే వచ్చారు. లూకా తెల్లచొక్కా చేతులు పైకి మడిపించుకుని, కమ్మీ అందుకుని, రావద్దన్నట్టు ఆమెకు తల అడ్డంగా ఊపాడు. సుజాతమ్మ బెంచీ మీద కూర్చుంది. చేతుల్లో పని లేకుండా కూర్చుని ఎన్నాళ్ళయిందో ఆమెకే గుర్తు లేదు. చెరువు మీద గాలి చల్లగా ఉంది. కుడి కాలు ఇంకా కొంచెం ఈడుస్తూనే ఉంది గానీ మనిషి సాగుతున్నాడు. బాట వంపు దగ్గర పూలపొదలు ఎత్తుగా పెరిగాయి. అతని తల ఆ పొదల పైన కాసేపు కనిపించింది, తర్వాత అదీ కనిపించలేదు. ఆమె సగం లేచింది. లేచి, ఒక్క క్షణం అలాగే ఉండి, మళ్ళీ కూర్చుంది.

పక్కనే ఒక బెంగాలీ ఆవిడ మనవరాలికి నారింజ వలిచి పెడుతోంది. ఒక తొన సుజాతమ్మకూ అందించి, "ఒక్కదానివే వచ్చావా?" అని అడిగింది.

"లేదు దీదీ, మా ఆయనతో వచ్చాను."

ఆవిడ అటూ ఇటూ చూసింది. "ఏడీ?"

సుజాతమ్మ బాట పొడుగునా చూసింది. ఎక్కడా కనపడలేదు.

"నడవడానికి వెళ్ళాడు," అంది.